పదకొండు జేబుల ఏజెంటు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు భుజం తట్టి అడుగుతారు. "అన్నా, ఏజెంటు సాబ్ కొత్త పార్టు ఎప్పుడొస్తది?" ఒకప్పుడు ఆ ప్రశ్న వినడానికే అక్కడ నిలబడేవాణ్ని. ఎవరూ అడగకపోతే ఇంకో చాయ్ చెప్పేవాణ్ని. ఇప్పుడు అడిగినవాళ్ల మీద కోపం వస్తుంది. వాళ్ల తప్పేమీ లేదని తెలుసు. అయినా గ్లాసు సగంలోనే పెట్టేసి బండెక్కుతాను.

ఏజెంటు సాబ్ అంటే మా చిన్నాయిన, మా బాపుకు తమ్ముడు. ముప్పై ఏళ్లకు పైగా టైలరు పని. కోట్లు కుట్టడంలో మా ఊళ్లో ఆయన తరవాతే ఎవరైనా. నాది పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో. ఆయన షాపు కింద, నా స్టూడియో పైన. పెళ్లికొడుక్కి ఆయన కోటు కుట్టేవాడు, ఆ కోటులో పెళ్లికొడుకును నేను తీసేవాణ్ని. అందుకని మా ఇద్దరికీ పని ఒకేసారి వచ్చేది, ఒకేసారి ఆగేది. మూఢం పడిందంటే ముహూర్తాలుండవు. ఆయన మిషన్ మీద గుడ్డ కప్పేవాడు, నేను కెమెరాలు తుడుచుకుంటూ కూర్చునేవాణ్ని. మా సినిమాలన్నీ ఆ ఖాళీ రోజుల్లో పుట్టినవే.

పిచ్చి మాత్రం పాతది. చిన్నప్పుడు నన్ను గూఢచారి సినిమాలకు తీసుకుపోయింది ఆయనే. హాల్లో అందరూ ఫైటింగ్ చూస్తుంటే ఆయన హీరో కోటు చూసేవాడు. "పదిమందిని కొట్టిండు, కోటుకు ఒక్క ముడత లేదు. గా టైలర్ ఎవడో సూడాలెరా" అనేవాడు. కానీ ఆయన ప్రాణం పెట్టింది ఆ సినిమాలను వెక్కిరిస్తూ తీసిన సినిమాల మీద. వాటిలో సీక్రెట్ ఏజెంటు ఉత్త మొద్దు. పిస్తోలు తీస్తే దువ్వెన వస్తుంది. విలన్ ఇంటికని పోయి పక్కింటి తలుపు కొడతాడు. మారువేషంలో మీసం ఊడిపోయిన సంగతి ఊరందరికీ తెలుస్తుంది, వాడికి తప్ప. చివరికి మెట్ల మీంచి జారి విలన్ మీదే పడి దేశాన్ని కాపాడేస్తాడు. అటువంటి సీను వస్తే చిన్నాయిన ముందు సీటు పట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వేవాడు.

"మంచి ఏజెంటును ఇడిశిపెట్టి గా మొద్దోడే ఎందుకు నచ్చుతడు నీకు?" అని అడిగాను ఒకసారి.

"అన్ని చాతనైనోడు గెలిస్తె ఏమున్నది? చాతగానోడు గెలువాలె. గప్పుడు మనకు గుడ ధైర్యమొస్తది" అన్నాడు.

ఐదేళ్ల కింద ఒక మూఢంలో మేమూ అటువంటిది ఒకటి తీద్దామని మొదలుపెట్టాం. కథ నాదే. మన గొల్లభామ చీర మీది బొమ్మ నమూనాను శత్రుదేశం వాళ్లు ఎత్తుకుపోతారు. దాన్ని వెనక్కి తేవడానికి ఢిల్లీ నుంచి ఒక ఏజెంటు సిద్దిపేటలో దిగుతాడు. విలన్ నా దోస్తు, ఆటో నడుపుతాడు. మొదట వాణ్నే హీరో అనుకున్నాం గానీ తన డైలాగుకు తనే నవ్వేవాడు. ఇటువంటి సినిమాలో హీరో నవ్వకూడదు. తను చేసేది తమాషా అని అతనికి తెలియకూడదు. ప్రపంచమంతా తన మీదే ఆధారపడి ఉన్నట్టు ముఖం పెట్టాలి. చిన్నాయినను నిలబెట్టి చూశాను. విలన్ ఎంత నవ్వించబోయినా ఆ ముఖంలో ఒక్క గీత కదల్లేదు. దొరికాడ్రా మన ఏజెంటు అని ఎగిరి గంతేశాను. హాల్లో పడీపడీ నవ్విన మనిషి ముఖం ఎప్పటినుంచి అట్లా బిగుసుకుపోయిందా అన్న ప్రశ్న నాకు తోచలేదు.

కోటు ఆయనే కుట్టుకున్నాడు. నల్లకోటు, పదకొండు జేబులు. ఒక దాంట్లో జాతరలో కొన్న పిస్తోలు. మిగతా పదింటిలో కొలతల టేపు, సుద్దముక్క, బిస్కెట్ పాకెట్టు, బస్సు టికెట్టు, ఇంకా ఏవేవో. విలన్ ఎదురుపడగానే ఏజెంటు జేబులు వెతకడం మొదలుపెడతాడు. పిస్తోలు తప్ప అన్నీ వస్తాయి. విలన్ విసుగొచ్చి చాయ్ తెప్పించుకుంటాడు, ఏజెంటుకు కూడా ఒకటి చెప్తాడు.

కోమటిచెరువు కట్ట మీద ఏజెంటు నడిచి వచ్చే ఎంట్రీ తీశాం. ఎడమచెయ్యి మామూలుగా ఊగుతోంది. కుడిచెయ్యి మాత్రం ఒంటికి అంటించినట్టు ఉండిపోయింది. కెమెరా వెనక నేను పొట్ట పట్టుకున్నాను. "గా నడక ఎక్కడ దొరికింది చిన్నాయినా?" అంటే, "ఏమోరా, గట్లనే వస్తున్నది" అన్నాడు. సినిమా నెట్‌లో పెట్టిన వారానికి బడిపిల్లలు ఒక చెయ్యి బిగపట్టి నడవడం మొదలుపెట్టారు. ఆయన షాపు ముందు నుంచి పోతూ సెల్యూట్ కొట్టేవాళ్లు. ఊళ్లో ఆయన పేరు పోయింది, ఏజెంటు సాబ్ మిగిలాడు.

ఇక్కడ నా పని గురించి ఒక మాట చెప్పాలి. పెళ్లి వీడియో తీసేవాడికి రెండో టేకు ఉండదు. తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు చెయ్యి వణికితే వణికినట్టే తీసుకోవాలి, మళ్లీ కట్టమనలేం. ఏది జరిగితే అదే బంగారం అని నా కన్ను అలవాటు పడిపోయింది. సినిమాలకూ అదే పద్ధతి పెట్టుకున్నాను. చిన్నాయిన చేతిలోంచి పిస్తోలు జారిపడితే ఉంచేశాను. డైలాగు గొంతులోనే ఉండిపోయి వినపడకపోతే, "సీక్రెట్ ఏజెంటు గద, మాట గుడ సీక్రెటే" అని విలన్ చేత ఒక పంచ్ వేయించాను. ఇంకెవడైనా అయితే రెండోసారి చేయించేవాడు. రెండోసారి కూడా అట్లాగే జారితే ఏదో తేడా ఉందని అనుమానపడేవాడు. నేను మొదటిదానికే చప్పట్లు కొట్టాను.

రెండో సినిమా కోహెడలో తీశాం. విలన్ను తరుముతూ ఏజెంటు సిద్దిపేట బస్సు అనుకుని హుస్నాబాద్ బస్సు ఎక్కి నిద్రపోతాడు. దిగి చూస్తే విలన్ కూడా అదే పొరపాటు చేసి అక్కడే దిగి ఉంటాడు. అందులో ఏజెంటు ఒక రహస్య చీటీ రాయాలి. చిన్నాయిన రాసిన అక్షరాలు మొదట బాగానే ఉండి, పోనుపోను సన్నబడి, చివరికి చుక్కల్లా అయిపోయాయి. "ఇది శత్రువుకే గాదు, నీకు గుడ సమజ్ గాదు" అని ఎగతాళి చేశాను. ఆ చీటీని దగ్గరగా చూపించాను కూడా. తరవాత ఒకరోజు షాపులో ఆయన కొలతల పుస్తకం తిరగేస్తే అందులోనూ అక్షరాలు అట్లాగే ఉన్నాయి. పాత్రలో జీవిస్తున్నాడు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయిన రోజులవి.

ఆ మధ్యనే చిన్నమ్మ ఒకసారి మెట్లెక్కి స్టూడియోకు వచ్చింది. ఆవిడ ఎప్పుడూ పైకి రాదు.

"గీ సినిమాలు జర బంద్ జేయిరాదు బిడ్డా. నువ్వు నేర్పిన వణుకుడు ఇంట్ల గుడ ఇడిశిపెడ్తలేడు. నిన్న కంచంల అన్నం కలుపుకుంట గుడ గట్లనే జేస్తుండు. తిడితె, ప్రాక్టీస్ అంటుండు."

నేను నవ్వాను. "పెద్ద యాక్టర్లు గట్లనే ఉంటరు చిన్నమ్మా. ఇంటికి పోయినా పాత్ర దిగదు."

ఆవిడ నా ముఖం కాసేపు చూసి, "ఏమోరా, చదువుకున్నోనివి, నీకే ఎరుక" అని దిగిపోయింది. చదువుకున్నోడు వెంటనే ఆ సంగతి విలన్‌కు ఫోన్ చేసి చెప్పుకుని నవ్వాడు.

మూడో సినిమాలోదే అద్దం సీను. అది తీసింది ఆయన షాపులోనే. ఆఖరి పోరాటానికి పోయేముందు ఏజెంటు అద్దం ముందు నిలబడి కోటు గుండీలు పెట్టుకోవాలి, అంతే. రెండు క్షణాల షాటు. చిన్నాయిన మొదటి గుండీ పట్టుకున్నాడు. అది కాజాలోకి పోలేదు. వేళ్లు వణుకుతున్నాయి. గుండీ కాజా దాకా వస్తుంది, పక్కకు పోతుంది. ఆ కాజా ఆయన చేత్తో కుట్టిందే. ఊళ్లో సగం మంది పెళ్లికొడుకుల కోట్లకు గుండీలు పెట్టి, భుజాలు సవరించి, "ఇగ పో, రాజా లెక్క ఉన్నవ్" అని పంపిన వేళ్లవి. కెమెరా ఆపలేదు నేను. నిమిషం గడిచింది. విలన్ కత్తి పట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు, తన వంతు కోసం.

"జర ఎక్కువ వణికించు చిన్నాయినా, సూపరుంది" అన్నాను మెల్లగా.

"నేను వణికిస్తలేనురా. గదే వణుకుతున్నది" అన్నాడు.

అందరం విరగబడి నవ్వాం. విలన్ తన బుర్రతోనే ఒక పని చేశాడు. కత్తి పక్కన పెట్టి, ముందుకొచ్చి, ఏజెంటు గుండీలు ఒక్కొక్కటీ పెట్టి, మళ్లీ కత్తి తీసుకుని వెనక నిలబడ్డాడు. మా సినిమాలన్నింటిలో జనం ఎక్కువగా చూసింది ఆ సీనే. నా మాట తీసేసి ఆయన మాట ఒక్కటే ఉంచాను. "నేను వణికిస్తలేనురా, గదే వణుకుతున్నది" అనేది సిద్దిపేట అంతా పాకింది. చాయ్ ఒలికినా, బండి ఆగిపోయినా, పరీక్ష పోయినా పిల్లలు అదే మాట. షాపు ముందు నిలబడి ఆయనకే చెప్పేవాళ్లు. ఆయన చెయ్యెత్తేవాడు.

ఆ ఏడే ఆయన కోట్లు ఒప్పుకోవడం తగ్గించేశాడు. పెళ్లివాళ్లు వస్తే, "షూటింగ్ ఉన్నది, తీరది" అని పంపేవాడు. మూఢం లేని రోజుల్లో షూటింగ్ ఎక్కడిది? నాకైనా తట్టాలి కదా. తట్టలేదు. సినిమా ఎక్కాక ఏజెంటు సాబ్‌కు మదమెక్కిందని జనం అన్నారు. నేనూ ఒకరిద్దరితో అవునన్నాను.

నాలుగో సినిమా ఆషాఢంలో. చింతమడక దారిలో ఒక పాత కోళ్ల ఫారాన్ని విలన్ స్థావరం చేశాం. ఏజెంటు పిస్తోలు పట్టుకుని గేటు దాటి లోపలికి దూకుడుగా రావాలి. చిన్నాయిన గేటు దాకా బాగానే వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఉన్నచోటే చిన్నచిన్నగా కదులుతున్నాయి గానీ ముందుకు పడటం లేదు. "రా చిన్నాయినా, లోపటికి రా" అని అరిచాను. ఒళ్లు ముందుకొచ్చింది, కాళ్లు రాలేదు. బోర్లా పడ్డాడు. ముందు చప్పట్లు కొట్టింది నేను. తరవాత అందరూ కొట్టారు. ఆయన లేవలేదు. ఇంకా కొట్టాం.

ఆపింది విలనే. ఉరికిపోయి ఆయన్ను తిప్పి కూర్చోబెట్టి, నా వైపు చూసి, "అన్నా, ఇది యాక్టింగ్ గాదే" అన్నాడు. కుడి మణికట్టు వాచిపోయి ఉంది. చిన్నాయిన ముఖంలో నొప్పి కూడా కనపడలేదు. వాడి ఆటోలోనే సిద్దిపేట తీసుకుపోయాం. దారిలో ఆయన అడిగింది ఒకటే. "షాట్ మంచిగ వచ్చిందా?"

ఎముకల డాక్టరు కట్టు కట్టాడు. ఆయన్ను అటూ ఇటూ నడిపించాడు, ముఖంలోకి చూశాడు, ఎడమచేత్తో వేళ్లు కలిపి విడదీయమన్నాడు. తరవాత నన్ను పక్కకు పిలిచి, "ఇరిగిన బొక్క నేను అతుకపెడ్త. ఆయనను పడేసింది ఏందో హైదరాబాద్ తీస్కపోయి నరాల డాక్టరుకు సూపియ్యి" అన్నాడు.

హైదరాబాద్‌లో ఆ డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చివరికి అడిగింది. "ఇది ఎప్పటినుంచి ఉంది?" చిన్నాయిన తల దించుకున్నాడు. చిన్నమ్మ ఏడాది అంది, కాదు రెండేళ్లు అంది. నాకు మాత్రం నోరు తెరవక తప్పలేదు. ఆ జవాబు నా ఫోన్‌లో ఉంది. తారీఖులతో సహా ఉంది.

మొదటి సినిమా పెట్టి ఇచ్చాను. అంతవరకు ఆ సినిమా చూసి నవ్వని మనిషిని నేను చూడలేదు. ఆవిడ నవ్వలేదు. కోమటిచెరువు కట్ట మీద నడక రాగానే, "ఆపండి" అంది. "ఆ కుడిచెయ్యి చూడండి, ఊగడం లేదు." రెండోదాంట్లో చీటీ దగ్గర ఆపమంది. మూడోదాంట్లో అద్దం సీను మొత్తం చూసింది, ఆపమనలేదు. ఫోను నా చేతికిచ్చి, ఇది పార్కిన్సన్స్ జబ్బు అంది. "పూర్తిగా పోయేది కాదు. కానీ మందులున్నాయి. అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఈ నాలుగేళ్లు ఆయనకు చేతిపని ఇంత కష్టమయ్యేది కాదు." కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఊరికి వచ్చాక ఒక పొద్దున షాపులో ఇద్దరమే కూర్చున్నాం. ఆయన చేతికి కట్టు, మిషన్ మీద గుడ్డ. మనసులో తిరుగుతున్నది అడిగేశాను.

"నీకు ఎరుకేనా చిన్నాయినా?"

"ఏదో అయితున్నదని ఎరుకే."

"మరి షూటింగులకు ఎందుకొచ్చినవ్? నాకు జెప్పకపోతివి."

ఆయన ఎడమచేత్తో కట్టు అంచు సవరించుకున్నాడు. మాట ఇప్పుడు ఆయనకు మెల్లగా వస్తుంది. "షాపుల వణికితె బట్ట వాపస్ తీస్కపోతరురా. గాడ వణికితె చప్పట్లు కొడ్తున్నరు. గాడనే మంచిగనిపించింది" అన్నాడు.

ఆ మాటతో నా తప్పు తేలిక కాలేదు, ఇంకా బరువైంది. దాచుకోవడానికి ఆయనకు ఈ ఊళ్లో దొరికిన ఒకే ఒక్క జాగ నా కెమెరా. దాచుకున్న మనిషిని వెతికి పట్టుకోవాల్సినవాణ్ని కూడా నేనే. రోజూ ఆయన్ను అంత దగ్గరగా చూసినవాడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడు.

సినిమాలన్నీ నెట్‌లోంచి తీసేస్తానన్నాను. వద్దన్నాడు. "ఉండనియ్యి. ఆఖరుకు గెలుస్తడు గద" అన్నాడు. మందులు పనిచేస్తున్నాయి. పొద్దున కోమటిచెరువు దగ్గర ఇద్దరం నడుస్తాం. బటన్లున్న అంగీలు మానేసి మెడలోంచి వేసుకునే బనీన్లు వేసుకుంటున్నాడు. షాపులో ఇప్పుడు రెడీమేడ్ బట్టలు అమ్ముతున్నారు. పదకొండు జేబుల కోటు నా స్టూడియోలో మేకుకు వేలాడుతోంది. దాని గుండీలన్నీ పెట్టి అక్కడ తగిలించింది విలనే.

పోయిన మూఢంలో పనిలేక పాత హార్డ్‌డిస్కు తెరిచాను. అద్దం సీను, కత్తిరించకముందుది, మొత్తం ఉంది. సినిమాలో ఆ మాట అవగానే షాటు కట్ చేసి విలన్ ముఖం చూపించాను. అసలు దాంట్లో ఆ మాట తరవాత చిన్నాయిన ఇంకా కనపడతాడు. విలన్ వైపు చూడడు. అద్దంలోంచి నేరుగా కెమెరా వైపు, కెమెరా వెనకున్న నా వైపు చూస్తాడు. నటుడు కెమెరాను చూడకూడదని నేనే చెప్పి ఉన్నాను, అందుకే ఆ ముక్క కట్ చేసేశాను. చాలాసేపు చూస్తాడు. నేను ఏదో అంటానని చూస్తాడు. అప్పుడు కెమెరా వెనక నుంచి ఒక నవ్వు వినపడుతుంది, అందరి నవ్వులకంటే గట్టిగా. ఆ నవ్వు విని ఆయన మెల్లగా కళ్లు దించుకుని మళ్లీ గుండీ పట్టుకుంటాడు.